మన సమయం కూడా వక్ఫే

(మన సంఘం వార్షిక సమావేశంలో ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల యువజన బృందాల తరఫున చేసిన ప్రసంగ పాఠం)



 ప్రతి ఏడాదీ ఈ వేదిక మీద లెక్కలు చదువుతారు. ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టాం, ఎన్ని ఇళ్లకు రమజాన్ రేషన్ చేర్చాం, ఎవరి ఆపరేషన్‌కు ఎంత ఇచ్చాం అని. ఈసారి మమ్మల్ని కూడా ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. “సాయంత్రాలు ఆ గదిలో కంప్యూటర్ల ముందు కూర్చుని ఏం చేస్తున్నారు? డబ్బు రాని పనికి అంత సమయం ఎందుకు?” అని పెద్దలు మమ్మల్ని చాలాసార్లు అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పడానికే వచ్చాం.

ముందు ఒక చిన్న సంగతి. స్కాలర్‌షిప్ దరఖాస్తులు కంప్యూటర్‌లో తీసుకోవాలని సంఘం నిర్ణయించినప్పుడు ఆ ప్రోగ్రాం రాసింది మేమే. తెలుగులో, ఉర్దూలో కనిపించేలా చేశామని గర్వపడ్డాం. మొదటి రోజే జమ్మలమడుగు నుంచి ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకుని వచ్చింది. కూడబలుక్కుని చదవగలదు. దరఖాస్తు అంతా నింపించింది. చివర్లో ఉన్న బటన్ చూసి ఆగిపోయింది. “సమరించు అని ఉంది నాయనా. అంటే ఏం జెయ్యాల?” అని అడిగింది.

మేము రాసింది “సమర్పించు”. తెర మీద బటన్ ఎత్తు చాలక పకార వత్తు అడుగున తెగిపోయింది. ఇంగ్లీషు చదివే మా కళ్లకు అది వారం రోజులు కనబడలేదు. ఆమె కంటికి ఒక్క క్షణంలో కనబడింది. అదే రోజు ఉర్దూ తెరలో ఇంకో అమ్మాయి పేరు కింద నుక్తాలు మాయమయ్యాయి. ఒక్క చుక్క పైన ఉంటే ఖుదా, కింద ఉంటే జుదా అని మన పెద్దలు చెబుతుంటారు కదా. చుక్క పోతే పేరు పోయినట్టే. పేరు తప్పుపడితే ఆధార్‌తో కలవదు, బ్యాంకు ఖాతాతో కలవదు, ఆ బిడ్డ ఫీజు ఆగిపోతుంది.

మేము మా ప్రోగ్రాంలో బటన్ ఎత్తు పెంచి ఆ పూటకు గండం గడిపాం. కానీ ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఈ తప్పు మా ఒక్కరిదేనా? ఇదే రకం తెరలు వాడే వేలమంది ఇళ్లలో ఇదే వత్తు తెగుతుంటే అక్కడ ఎవరు సరిచేస్తారు?

ఇక్కడ రెండు మాటల్లో ఆ పనిముట్టు గురించి చెప్పాలి. ఇల్లు కట్టేవాళ్లు ప్రతి తలుపునూ, ప్రతి కిటికీనీ చెక్క కోసి మొదటి నుంచీ చెయ్యరు. చేసి పెట్టిన ద్వారబంధాలు తెచ్చుకుని నిలబెడతారు. కంప్యూటర్‌లో కూడా అంతే. బటన్లు, మెనూలు, రాసే గళ్లు, జాబితాలు ఇవన్నీ తయారుగా ఉన్న ఒక సామాను ఉంటుంది. దాన్ని యూజర్ ఇంటర్‌ఫేస్ ఫ్రేమ్‌వర్క్ అంటారు. ప్రోగ్రాం రాసేవాళ్లు దాన్ని తీసుకుని తమ ఇల్లు కట్టుకుంటారు. ద్వారబంధం ఒక అంగుళం పొట్టిగా చేసి ఉంటే, అది పెట్టిన ప్రతి ఇంట్లోనూ తల తగులుతుంది.

మేము పని చెయ్యాలనుకున్న ఫ్రేమ్‌వర్క్ పేరు జీటీకే. దాని కథ మన సభకు తగినదే. 1990ల నడుమ అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో పీటర్ మాటిస్, స్పెన్సర్ కింబల్ అనే ఇద్దరు విద్యార్థులు బొమ్మలు దిద్దే గింప్ అనే ప్రోగ్రాం రాశారు. మొదట దాని బటన్ల కోసం మోటిఫ్ అనే సామాను వాడారు. దానికి లైసెన్సు డబ్బు కట్టాలి. అందుకని తమ బటన్లు తామే చేసుకుని, ఎవరైనా వాడుకోవచ్చని వదిలేశారు. అదే జీటీకే. 1997లో మొదలైన గ్నోమ్ అనే డెస్క్‌టాప్ దాని మీదే కట్టారు. 2020 డిసెంబరులో నాలుగో తరం, జీటీకే 4, వచ్చింది. మదీనాలో రూమా బావి నీళ్లు డబ్బుకు అమ్ముతుంటే హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ బావి కొని అందరికీ ఉచితం చేసిన సంగతి మనం చిన్నప్పటి నుంచీ వింటున్నాం. ఈ విద్యార్థులు కొనలేక ఇంకో బావి తవ్వారు.

ఇలాంటి వాటినే ఓపెన్ సోర్స్ అంటారు. ఈ మాట విన్నప్పుడల్లా మాకు వక్ఫ్ గుర్తుకొస్తుంది. హజ్రత్ ఉమర్ (రజి)కు ఖైబర్‌లో మంచి భూమి దక్కినప్పుడు దాన్ని ఏం చెయ్యాలని దైవప్రవక్త (సఅసం)ను అడిగారు. మూలం అలాగే ఉంచి, ఫలసాయం పేదలకు అందేలా చెయ్యమని సలహా వచ్చింది. ఆ భూమిని అమ్మకూడదు, ఒకరికి రాసివ్వకూడదు, వారసులు పంచుకోకూడదు. ఓపెన్ సోర్స్ లైసెన్సు కూడా అలాంటి షరతే. జీటీకే లైసెన్సు ప్రకారం ఎవరైనా వాడుకోవచ్చు, వ్యాపారానికీ వాడుకోవచ్చు. కానీ ఆ మూలాన్నే మార్చి ఇతరులకు ఇచ్చేటప్పుడు, ఆ మార్పు కోడ్ కూడా వాళ్లకు అందుబాటులో పెట్టాలి. మూలం ఎవరి సొత్తూ కాదు.

వక్ఫ్ ఉంటే దానికి ముతవల్లి ఉండాలి. ఇక్కడ ఆ పని చేసేవాళ్లను మెయింటెయినర్లు అంటారు. ప్రపంచమంతా వాడే సామానుకు నిజంగా బరువు మోసే చేతులు కొద్దిమందివే. వచ్చిన ఫిర్యాదు చదవాలి, పంపిన మార్పు పరీక్షించాలి, తప్పుంటే చెప్పాలి, ఒప్పుకున్నాక దాని బాగోగులు ఏళ్ల తరబడి చూసుకోవాలి. మార్పు పంపినవాడు నెల తిరక్కుండా మరిచిపోతాడు. ముతవల్లి మరిచిపోవడానికి లేదు. మన ఊళ్లలోనూ అంతే కదా. మసీదుకు ఫ్యాను ఇచ్చినవారి పేరు రెక్క మీద ఉంటుంది. కరెంటు బిల్లు కట్టేవారి పేరు ఎక్కడా ఉండదు.

ఇక మా తప్పు చెప్పుకోవాలి. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం జరిగింది. ఏటా జరుగుతుంది. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపిన మొదటి 70,000 మందికి ఆ ఏడాది టీషర్టు ఇస్తామన్నారు. కావాలంటే దాని బదులు మొక్క నాటిస్తామన్నారు. ఉద్దేశం మంచిది. కానీ ఒక మాట చేర్చి, ఒక చుక్క తీసేసి మార్పు పంపడం ఎలాగో చూపించే వీడియో మన దేశంలో పాకిపోయింది. ప్రపంచంలో ఉన్న ప్రాజెక్టుల మీద పనికిరాని మార్పులు మిడతల దండులా పడ్డాయి. మెయింటెయినర్లు రాత్రీ పగలూ వాటిని మూసేసుకుంటూ కూర్చున్నారు. నెల మొదటివారంలోనే నిర్వాహకులు నియమం మార్చి, తామే ఒప్పుకున్న ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయని చెప్పాల్సి వచ్చింది.

ఆ దండులో మేమూ ఉన్నాం. కరోనా రోజులు, కాలేజీలు మూసి ఉన్నాయి, చేతిలో ఫోను ఉంది. ఒక ప్రాజెక్టు పరిచయ పేజీలో “అద్భుతమైన” అనే మాట చేర్చి పంపాం. అవతలి మనిషి ఒక్క వాక్యం రాశాడు. ఈ పేజీ చదివి ఒక్క తప్పు చూపించి ఉంటే నాకు సాయం అయ్యేది అని. అది తిట్టు కాదు. అయినా తిట్టుకన్నా ఎక్కువ తగిలింది. చల్లకొచ్చి ముంత దాచినట్టు, సాయం పేరుతో వెళ్లి చొక్కా అడిగాం. నీయత్ సరిగా లేని దానం అది.

తరువాతి ఏడాది ఇంకో పాఠం మన జిల్లాలోనే నేర్చుకున్నాం. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ల మీద పడింది. అప్పటికి రాజంపేట మన జిల్లాలోనే ఉంది. మన సంఘం తరఫున బట్టలు పోగుచేసి తీసుకెళ్లిన బండిలో మాలో కొందరం ఉన్నాం. అక్కడికి పోయాక చూస్తే, ఒక బడి వరండా నిండా అప్పటికే బట్టల గుట్ట. చినిగినవి, జత కానివి, పెళ్లి షేర్వానీలు. వాటిని ఏరడానికి పదిమంది మనుషులు రెండు రోజులుగా కూర్చున్నారు. ఒక పెద్దాయన మెల్లగా అన్నాడు: “బట్టలు సాలు నాయనా. వొండుకోడానికి గిన్నెల్లేవు. పొయ్యి లేదు.” ఫోన్ చేసి ఒక్క మాట అడిగి ఉంటే గిన్నెలు తీసుకెళ్లేవాళ్లం.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో మాకు ఆ మెయింటెయినర్ మాట మళ్లీ గుర్తొచ్చింది. అడగకుండా పంపిన కోడ్ కూడా ఆ బట్టల గుట్ట లాంటిదే. అది ఏరడానికి ఇంకొకరి రోజులు ఖర్చవుతాయి. కాబట్టి ఈ పనిలో మా మొదటి నియమం ఇదే పెట్టుకున్నాం: అడిగి ఇవ్వాలి. మనకు తోచింది కాక, అవతలివాళ్లకు లోటున్నది ఇవ్వాలి.

మరి మనలాంటి వాళ్ల దగ్గర వాళ్లకు లోటున్నది ఏముంటుంది? మేము ప్రొద్దుటూరులో కూర్చుని వాళ్లకేం నేర్పుతాం? ఈ సందేహం మాకూ ఉండేది. 2018 ఫిబ్రవరిలో జరిగింది గుర్తు చేసుకుంటే తీరింది. తెలుగు “జ్ఞా” అక్షరం ఒక ప్రత్యేక వరసలో కూర్చి పంపితే చాలు, ప్రపంచంలో ఎవరి ఐఫోన్ అయినా కుప్పకూలిపోయేది. మెసేజి తెరిస్తే ఆ యాప్ మూసుకుపోయేది, మళ్లీ తెరుచుకునేది కాదు. ఆపిల్ అంత పెద్ద కంపెనీ కొద్ది రోజుల్లో 11.2.6 అనే కొత్త విడుదల తెచ్చి సరిచేసింది. జ్ఞానం అనే మాటలో మొదటి అక్షరం అది. డబ్బుకు, ఇంజనీర్లకు కొదవలేని చోట కూడా ఆ అక్షరాన్ని అటూ ఇటూ తిప్పి పరీక్షించే తెలుగు చెయ్యి అక్కడికి అందలేదు. మన దగ్గర ఉన్నది ఆ చెయ్యి, ఆ కన్ను. “సమరించు” చదివిన తల్లి కన్ను.

పైగా మన ఇళ్లలో ఇంకో వరం ఉంది. ఎడమ నుంచి కుడికి తెలుగు రాస్తాం, కుడి నుంచి ఎడమకు ఉర్దూ రాస్తాం. తెలుగుకు కింద వత్తులు, పైన గుడులు. ఉర్దూ నస్తాలీఖ్‌లో మాట పైనుంచి కిందికి జారుతూ వస్తుంది, దానికి ఇంకా ఎత్తు కావాలి. ఉర్దూ తెరలో వెనక్కి వెళ్లే బాణం గుర్తు తిరగబడాలి, అంకెలు మాత్రం తిరగబడకూడదు. ఇవన్నీ ఒకే మనిషి ఒకే పూట పరీక్షించగలిగిన ఊళ్లు ప్రపంచంలో ఎన్ని ఉంటాయి? మన మూడు ఊళ్లలో ప్రతి వీధిలో ఉన్నారు అలాంటివాళ్లు.

తెర మీద అక్షరాలను కూర్చే పనిముట్టు ఒకటుంది. దాని పేరు హర్ఫ్‌బజ్. పేరు వినగానే మన మౌలానాలు నవ్వుతారు. హర్ఫ్ అంటే అక్షరం. బాజ్ అంటే ఫారసీలో తెరిచినది. దీన్ని ముందుకు నడిపించిన బెహ్దాద్ ఎస్ఫహ్‌బోద్ ఇరాన్‌లో పుట్టినవాడు. ఆండ్రాయిడ్ ఫోన్లలో, ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో, లిబ్రె ఆఫీస్‌లో, జీటీకేలో తెలుగు వత్తులు సరిగా కూర్చుంటున్నాయంటే దాని చలవే. తన భాష తెర మీద సరిగా రావాలని మొదలైన శ్రమ మన భాషకూ నీడ ఇస్తోంది. సదఖా జారియా అంటే ఎలా పనిచేస్తుందో చూడాలంటే ఇది చూడొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాం. ఉత్సాహం ఉంటే చాలదు, లెక్క ఉండాలి. ఇల్లు అలకగానే పండగ కాదు. మేము వేసుకున్న లెక్క మీ ముందు పెడుతున్నాం.

మూడు ఊళ్లలో కలిపి మేము పన్నెండుమందిమి. ఒక్కొక్కరు వారానికి రెండు గంటలు. గ్నోమ్ ఏడాదికి రెండుసార్లు, మార్చిలో, సెప్టెంబరులో కొత్త విడుదల ఇస్తుంది. కాబట్టి మా పంటకాలం ఆరు నెలలు, అంటే 26 వారాలు. కాగితం మీద 624 గంటలు. రమజాన్ నెలకు నాలుగు వారాలు, పరీక్షలకు నాలుగు వారాలు తీసేశాం. 18 వారాలు మిగిలాయి, 432 గంటలు. మొదటి పంటలో సగం సమయం నేర్చుకోవడానికే పోతుంది. మిగిలిన 216 గంటల్లో మూడో వంతు, పంపిన పనికి వచ్చే ప్రశ్నలకు జవాబులివ్వడానికి, తిరిగి దిద్దడానికి. చివరికి చేతిలో ఉండేది 144 గంటలు. పన్నెండుమంది ఆరు నెలలు కష్టపడితే నికరంగా మిగిలేది అంతే.

ఈ లెక్క చూసి మొదట మాకు నీరసం వచ్చింది. తరువాత అదే మమ్మల్ని కాపాడింది. 144 గంటల్లో కొత్త మేడలు కట్టలేం. ఉన్న ఇంటికి గచ్చు వెయ్యగలం. అందుకని మొదటి పంటకు మూడే పనులు పెట్టుకున్నాం.

మొదటిది జమ్మలమడుగు బృందానిది, మాటల పని. జీటీకేలో తెలుగు అనువాదం ఏళ్లుగా ఉంది. మనకు ముందే కొందరు ఆ చేను దున్నారు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ తెలుగు డెస్క్‌టాప్ కోసం విద్యార్థులను కూడగట్టింది. అయితే అనువాదం చెరువు లాంటిది. ఎవరూ నీళ్లు తోడకపోయినా ఎండిపోతుంది. ప్రతి ఆరు నెలలకూ కొత్త ఇంగ్లీషు మాటలు వచ్చి చేరుతుంటాయి. నూటికి 80 వంతులు అనువాదమైతేనే ఆ భాషను పూర్తిగా అందించినట్టు గ్నోమ్ లెక్కవేస్తుంది. ఈ శాతాలు చూపే వాళ్ల సైటు పేరు డ్యామ్డ్ లైస్. పచ్చి అబద్ధాలు అని అర్థం. అంకెల మీద వాళ్లే వేసుకున్న చలోక్తి. శాతం పెరగడం కోసం గబగబా నింపబోమని మాట ఇస్తున్నాం. పాత మాటలు చదివి, రిటైరైన తెలుగు, ఉర్దూ మాస్టర్ల దగ్గర కూర్చుని, ఒక్కో మాటకు ఒక్కటే తెలుగు మాట ఉండేలా పట్టిక తయారుచేస్తాం. విడుదలకు కొన్ని వారాల ముందు ఇంగ్లీషు మాటలు మార్చకుండా గడువు పెడతారు. అనువాదకులకు అదే అదను. రమజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. మార్చి విడుదల జరగదు. అందుకే గోడకు రెండు క్యాలెండర్లు పక్కపక్కన తగిలించాం.

మాటల దగ్గర గొడవలు రాకమానవు. ఫైలును ఫైలు అనాలా, దస్త్రం అనాలా అని మేము ఒక సాయంత్రమంతా వాదించుకున్నాం. దస్త్రం అచ్చ తెలుగని ఒకరు పట్టుబట్టారు. అది ఫారసీ దఫ్తర్ నుంచి వచ్చిందని ఉర్దూ మాస్టరు చెప్పగానే అందరం నవ్వేశాం. ఇలాంటి అన్యదేశ్యాల కోసం విడిగా ఒక నిఘంటువే చేసిన బ్రౌన్ దొర 1820లో వచ్చింది మన కడపకే. ఆయన ఒక్కడే కూర్చుని చెయ్యలేదు. పండితులను కూర్చోబెట్టి, తాళపత్రాలు పక్కపక్కన పెట్టి, పాఠాలు సరిచూసి, శుద్ధ ప్రతులు రాయించాడు. పని పంచడం, ఒకరు చేసింది ఇంకొకరు సరిచూడడం. రెండు వందల ఏళ్ల కిందట కడప బంగళాలో జరిగిన పద్ధతే మాదీ.

రెండోది పులివెందుల బృందానిది, పరీక్షించే పని. అక్కడి జేఎన్‌టీయూ కాలేజీలో చదివే మన పిల్లలున్నారు. జీటీకేతో పాటు అన్ని రకాల బటన్లూ ఒకేచోట చూపించే నమూనా ప్రోగ్రాం వస్తుంది. దాన్ని తెలుగులో, ఉర్దూలో తెరిచి, అక్షరం పెద్దది చేసి, చిన్నది చేసి, ఎక్కడ వత్తు తెగుతోందో, ఎక్కడ చుక్క పోతోందో రాసిపెడతారు. తెగిందని చెబితే సరిపోదు, ఏ మడవ దగ్గర నీళ్లు పోతున్నాయో కనిపెట్టాలి. తప్పు ఫాంటుదా, అక్షరాలు కూర్చే హర్ఫ్‌బజ్‌దా, జీటీకేదా, లేక ఇంగ్లీషు కొలత పెట్టిన ప్రోగ్రాం రాసినవాడిదా? అదే మాటను వేరే ఫాంటులో, వేరే ప్రోగ్రాంలో పెట్టి చూస్తే తెలుస్తుంది. మా దరఖాస్తు తెరను ఇలాగే పరీక్షిస్తే తప్పు మాదేనని తేలింది. బటన్ ఎత్తును అంకె వేసి బిగించింది మేమే. ఫ్రేమ్‌వర్క్ మీద ఫిర్యాదు రాయబోయి ఆగినందుకు అల్లాహ్‌కు షుక్ర్ చెప్పుకున్నాం. ఆ ఫిర్యాదు వెళ్లి ఉంటే ఎవరో ఒక ముతవల్లి పూట వృథా అయ్యేది.

ఈ బృందానికే ఇంకో బాధ్యత ఉంది. మనకు తెలిసిన ఒక హాఫిజ్ సాబుకు చూపు లేదు. తెర మీది మాటలు పైకి చదివే ఓర్కా అనే ప్రోగ్రాం పెట్టి ఇచ్చాం. ఒక తెరలో అది “బటన్, బటన్, బటన్” అని మాత్రమే చదివింది. బొమ్మ గీసి పేరు పెట్టకపోతే అంతే. “అన్ని తలుపులూ ఉన్నాయి బేటా, ఏది బయటికి పోయేదో చెప్పేవాళ్లు లేరు” అన్నారాయన. పేరు లేని బటన్లను వెతికి చెప్పడానికి కోడ్ రాయడం రానక్కర్లేదు. చెవి ఉంటే చాలు.

మూడోది ప్రొద్దుటూరు బృందానిది, కోడ్ పని. ఊళ్లోనే యోగి వేమన విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. జీటీకే సి భాషలో రాసింది. మన పిల్లలకు సి పాఠంగా వచ్చు, పనిగా రాదు. అందుకని ఆరు నెలల్లో ఒక్క చిన్న తప్పు సరిచేసి, అది ఒప్పుకునేదాకా నిలబడితే చాలనుకున్నాం. ముందు ఆ తప్పు గురించి ఇంకెవరైనా పనిచేస్తున్నారా అని అడుగుతారు. ఇద్దరు కలిసి చేస్తారు. ఒకరు రాస్తే ఒకరు చదువుతారు. ఇద్దరికీ అర్థం కాని వాక్యం, అది యంత్రం రాసిచ్చినదైనా సరే, పంపరు. అర్థం కానిది పంపడం అమానత్‌లో ఖయానత్ అవుతుంది.

మూడు బృందాలకూ కలిపి ఒక నోటు పుస్తకం ఉంది. ఎవరు ఏం మొదలుపెట్టారు, ఎక్కడ ఆగింది, ఎవరికి జవాబు బాకీ ఉంది అని అందులో రాస్తాం. ఉద్యోగం వచ్చి బెంగళూరు పోయేవారు ఉంటారు, పెళ్లయి వేరే ఊరు పోయే చెల్లెళ్లు ఉంటారు. వెళ్లేవారు తమ పద్దు ఇంకొకరికి అప్పగించి వెళ్లాలి. ఇదెంత ముఖ్యమో 2024 మార్చిలో లోకానికి తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే చిన్న పనిముట్టును ఒక్క మనిషి ఏళ్ల తరబడి ఒంటరిగా మోశాడు. అలసిపోయాడు. సాయం చేస్తానని వచ్చి, రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించిన ఒకరు అందులో దొంగదారి పెట్టారు. లాగిన్ కావడానికి అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు అనుమానించి తవ్వబట్టి బయటపడింది. లేకపోతే ప్రపంచంలో ఎన్ని సర్వర్లకు గండి పడేదో. అలసిన ముతవల్లికి సకాలంలో నిజాయితీ గల చెయ్యి దొరక్కపోతే వక్ఫ్‌కు ఏమవుతుందో మన పెద్దలకు మేము చెప్పాలా?

ఇక తల్లిదండ్రుల ప్రశ్న. “మా పిల్లవాడికి దీనివల్ల ఉద్యోగం వస్తుందా?” వస్తుందని మేము మాట ఇవ్వలేం. చేసిన పని అందరికీ కనిపించేలా ఉంటుంది, ఎవరైనా చూసి తూకం వెయ్యొచ్చు. తన కోడ్‌ను తెలియని మనిషి తప్పుపడితే కోపం తెచ్చుకోకుండా దిద్దుకోవడం వస్తుంది. గూగుల్ 2005 నుంచి నడుపుతున్న సమ్మర్ ఆఫ్ కోడ్ లాంటి వాటిలో, ఔట్‌రీచీలో ఎంపికైతే భృతి ఇచ్చి ఇదే పని చేయిస్తారు. ఔట్‌రీచీ మొదట ఆడపిల్లల కోసం గ్నోమ్ వాళ్లే మొదలుపెట్టింది. ఇంట్లో నుంచే చెయ్యొచ్చు. మన చెల్లెళ్లు గమనించాలి. కానీ ఉద్యోగం కోసమే వస్తే మళ్లీ టీషర్టు కథే అవుతుంది. వారానికి రెండు గంటలకు మించి అడగం. చదువు, ఇంటి పని, నమాజు తప్పించుకుని వచ్చే పిల్లవాణ్ణి మేమే వెనక్కి పంపుతాం.

సంఘాన్ని మేము అడిగేది కొంచెమే. అస్ర్ తరువాత ఇషా దాకా ఆ గది, ఇంటర్నెట్, ఎవరైనా పక్కన పెట్టేసిన పాత కంప్యూటర్లు. జకాత్ సొమ్ము ఒక్క రూపాయి కూడా దీనికి వద్దు. జకాత్‌కు ఖుర్‌ఆన్‌లో చెప్పిన ఎనిమిది పద్దులున్నాయి. అది వాటికే చేరాలి. ఇది సాధారణ విరాళంతో, అదీ వీలైతేనే. ఆరు నెలలకొకసారి మా లెక్క కూడా ఈ వేదిక మీద చదువుతాం. ఎన్ని పంపాం అని చదవం. ఎన్ని ఒప్పుకున్నారు, ఎన్ని తిప్పి పంపారు, ఎందుకు తిప్పి పంపారు, ఎవరికి జవాబు బాకీ పడ్డాం అని చదువుతాం. బాకీ ఉంటే నిలదీయండి.

ఎగువన మడవ సరిచేస్తే దిగువన ఉన్న ప్రతి చేనుకూ నీళ్లు పారతాయని పెన్నా ఒడ్డున పుట్టిన మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ చేలెవరివో మనం చూడం, వాళ్లు మన పేరు వినరు. చిన్నదైనా సరే, ఎడతెగకుండా చేసే పని అల్లాహ్‌కు ఇష్టమని దైవప్రవక్త (సఅసం) మనకు నేర్పారు. వారానికి రెండు గంటలు చిన్నదే. ఎడతెగకుండా చేయడమే కష్టం. దానికే మీ దుఆ కావాలి.

వచ్చే ఏడాది ఆ తల్లి తన రెండో కూతురి దరఖాస్తుతో మళ్లీ వస్తుంది. ఇన్‌షా అల్లాహ్, ఆ బటన్ మీద ఏముందో ఎవరినీ అడగక్కర్లేకుండా తానే చదివి నొక్కాలి. ఆమెలాంటి తల్లి నెల్లూరులో ఉన్నా, గుల్బర్గాలో ఉన్నా, ఎక్కడ ఉన్నా అలాగే చదవగలగాలి.

అల్లాహ్ మన నీయత్‌ను సరిచేసి, ఈ చిన్న శ్రమను స్వీకరించుగాక. ఆమీన్.